నిజాంపేట నుంచి గచ్చిబౌలి దాకా: వేడెక్కే బండి డైరీ

ఏప్రిల్ 5, శుక్రవారం

ఇవాళ సాయంత్రం బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది. గచ్చిబౌలిలో ఆరింటికి బయల్దేరాను. బయోడైవర్సిటీ సిగ్నల్ దగ్గరే న్యూట్రల్ పడటం మానేసింది. మైండ్‌స్పేస్ దాటేసరికి ట్యాపెట్ల (ఇంజిన్ వాల్వులను నొక్కి తెరిచే మీటల) చప్పుడు హెల్మెట్ లోపలికి వినిపిస్తోంది. యాక్సిలరేటర్ తిప్పితే డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు ఒక శబ్దం. సైబర్ టవర్స్ ముందు జామ్‌లో రేస్ తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఇంజిన్ ఆగిపోయింది. కిక్ కొడితే కాలికి ఏ బరువూ తగల్లేదు.

పక్కకు తోసుకెళ్లి ఆపాను. చెరుకు రసం బండి ఆయన సీసాతో నీళ్లు తెచ్చి, "పోయండి సార్, చల్లబడ్తది" అన్నాడు. మంచి మనసుతో ఇచ్చాడు. ఆ నీళ్లు తాగాను కానీ ఇంజిన్ మీద పోయలేదు. ఈ బండి సిలిండర్‌కు లోపల ఇనుప గొట్టం, బయట అల్యూమినియం రెక్కలు ఉంటాయి. చన్నీళ్లు పడితే బయటి లోహం ఒక్కసారిగా ముడుచుకుంటుంది, లోపలిది వేడిగానే ఉంటుంది. హెడ్ (సిలిండర్ పై మూత) వంకరపోవచ్చు, పగుళ్లు రావచ్చు. ఇరవై అయిదు నిమిషాలు కూర్చున్నాక మొదటి కిక్‌కే స్టార్ట్ అయింది.

ఇది నాన్న 2014లో నల్గొండలో కొన్న బండి. 150 సీసీ, ఒకటే సిలిండర్, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్, గాలితోనే చల్లబడే ఇంజిన్. మీటరు 68,000 దాటింది. రాత్రి ఫోన్‌లో చెబితే "అమ్మేసి కొత్తది తీసుకోరా" అన్నారు. నాకు అమ్మాలని లేదు. ఎందుకు వేడెక్కుతోందో తేల్చుకోవాలి. ఒక్కో మార్పు చేసి, ఒక్కోసారి కొలిచి, ఇక్కడ రాసుకుంటాను.

ఏప్రిల్ 7, ఆదివారం

ముందు ఆలోచన సరిచేసుకోవాలి. ఇంజిన్‌లో కాలిన పెట్రోలు శక్తిలో దాదాపు పావు వంతే చక్రానికి చేరుతుంది. మిగిలింది వేడిగా పోవాల్సిందే. కొంత సైలెన్సర్ గుండా, కొంత రెక్కల మీదుగా గాలిలోకి, కొంత ఆయిల్‌లోకి. బండి కదలనప్పుడు రెక్కల మధ్య గాలి ఆడదు. మే నెల మధ్యాహ్నం కారు రేడియేటర్ ఫ్యాన్ మన కాళ్ల మీదికి ఊదుతుంటే ఇక చెప్పక్కర్లేదు.

అయితే అవే సిగ్నళ్ల దగ్గర నా పక్కన ఇలాంటి బళ్లు వందలు నిలబడుతున్నాయి. అవి ఆగిపోవడం లేదు. ఎండ, ట్రాఫిక్ అందరికీ ఒకటే. నా బండిలో ఇంకేదో ఉంది.

ఏప్రిల్ 14, ఆదివారం

కోఠి గుజరాతీ గల్లీలో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొన్నాను. పిస్తోలులా పట్టుకుని గురి పెడితే వేడి చూపిస్తుంది. ఇంటికొచ్చి ఇంజిన్ హెడ్ మీద పెడితే 94 డిగ్రీలు. చెయ్యి దగ్గర పెట్టలేనంత సెగ కొడుతుంటే 94 ఏమిటని అనుమానం వచ్చింది.

మెరిసే అల్యూమినియంతో వచ్చే చిక్కు ఇది. అది తన వేడిని కిరణాలుగా సరిగా బయటికి పంపదు, చుట్టూ ఉన్నవాటి కిరణాలను అద్దంలా తిప్పికొడుతుంది. అందుకే ఈ పరికరం తక్కువ చూపిస్తుంది. ప్లగ్ పక్కన రూపాయి బిళ్లంత జాగాలో సైలెన్సర్లకు వేసే నలుపు రంగు పూశాను. ఆరాక ఇంజిన్ వేడి చేసి చూస్తే నలుపు మీద 141, ఆ పక్కనే మెరిసే చోట 96. ఒకే లోహం, వేలెడు దూరం. ఎవరైనా బండి వేడి కొలవాలనుకుంటే ముందు ఈ పని చేయండి. లేదంటే ప్రతి అంకె అబద్ధమే అవుతుంది.

నమ్మకం కోసం ఒక స్టీలు గిన్నెకు బయట అదే రంగు పూసి నీళ్లు మరిగించాను. 96 చూపించింది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. రెండు డిగ్రీల తేడా నాకు పర్వాలేదు.

కొలిచే చోట్లు మూడు పెట్టుకున్నాను: ప్లగ్ పక్కన నల్ల మచ్చ, క్లచ్ కవర్ మీద ఇంకో మచ్చ, వెనక చక్రం బ్రేక్ డ్రమ్.

ఏప్రిల్ 19, శుక్రవారం

అయిదు రోజుల లెక్క. అదే దారి, అదే సమయం, కొలిచేది హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్ దగ్గర పక్కకు ఆపి. ప్లగ్ దగ్గర 181, 184, 179, 186, 185. క్లచ్ కవర్ 110 అటూ ఇటూ. ఒక రోజు పొద్దున్నే ఆరింటికి గచ్చిబౌలి నుంచి నార్సింగి వైపు ఔటర్ సర్వీస్ రోడ్డు మీద యాభై వేగంతో వెళ్లి కొలిస్తే 128 (ఔటర్ మీదికి టూవీలర్లను రానివ్వరు కదా). అంటే గాలి తగిలితే బండి ఆరోగ్యంగానే ఉంది. జామ్‌లోనే జ్వరం.

ఏప్రిల్ 21, ఆదివారం

చవకైన పనులు ముందు. రెక్కల మధ్య పదేళ్ల మట్టి, దాని మీద ఆయిల్ చెమ్మ, రెండూ కలిసి ఎండిన పేడలా గట్టిపడ్డాయి. ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక కిరోసిన్, పాత టూత్ బ్రష్, వెదురు పుల్లతో రెండు గంటలు గీకాను. లెగ్ గార్డ్‌కు ఎప్పుడో కట్టిన రెగ్జిన్ షీటు వానలో కాళ్లకు బురద పడకుండా పనికొచ్చేది. అది సరిగ్గా సిలిండర్‌కు గాలి వచ్చే దారికి అడ్డంగా ఉంది. తీసేశాను.

సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం చేత్తో తిప్పితే ఒక చుట్టు కూడా తిరగలేదు. బ్రేక్ పట్టేసి ఉంది. బ్రేక్ వాడకుండా వెళ్లొచ్చినా డ్రమ్ 71 డిగ్రీలు ఎందుకు చూపిస్తోందో అప్పుడర్థమైంది. పట్టేసిన బ్రేకును ఈడ్చుకెళ్లడానికి ఇంజిన్ ఎక్కువ పెట్రోలు కాల్చాలి, అదంతా మళ్లీ వేడే. డ్రమ్ విప్పి దుమ్ము తుడిచి, బ్రేక్ కామ్‌కు గ్రీజు పెట్టి, రాడ్ నట్ వదులు చేశాను. చైను కూడా బిగుతుగా ఉంది, సరిచేశాను.

(తర్వాత చేర్చింది) మంగళవారం కొలత: ప్లగ్ దగ్గర 179, డ్రమ్ 48. మైలేజీలో తేడా వస్తుందనుకుంటున్నాను, వేడిలో మాత్రం అనుకున్నంత రాలేదు.

ఏప్రిల్ 28, ఆదివారం

ఆయిల్. ఇప్పటిదాకా మూడు వేల కిలోమీటర్లకు ఒకసారి మారుస్తున్నాను, అది చాలనుకున్నాను. ఇవాళ కాగితం మీద లెక్క వేశాను. ఆఫీసుకు సుమారు 15 కిలోమీటర్లు, సాయంత్రం డెబ్బై నిమిషాలు. అంటే గంటకు 13 కిలోమీటర్లు. ఈ వేగంతో మూడు వేల కిలోమీటర్లంటే ఇంజిన్ 230 గంటలు తిరిగినట్టు. నల్గొండలో నాన్న 45 వేగంతో తిరిగినప్పుడు అదే మూడు వేలకు 67 గంటలు. మీటరు ఒకటే, ఆయిల్ పడే పని మూడు రెట్లకు పైగా! ఇకనుంచి రెండు వేలకే మారుస్తాను.

పాత ఆయిల్ తీస్తే ఏడు వందల మిల్లీలీటర్లు కూడా రాలేదు. ఉండాల్సింది లీటరు. ఈ ఇంజిన్లో ఆయిల్ అంటే వేడిని మోసుకెళ్లే కూలీ కూడా. పిస్టన్ అడుగునుంచి, క్లచ్ ప్లేట్ల నుంచి వేడి తెచ్చి కింది డబ్బా గోడలకు అందిస్తుంది. మూడో వంతు కూలీలు లేకపోతే పని ఎలా సాగుతుంది? ప్రతి నెలా లెవెల్ చూడాల్సింది, చూడలేదు. తప్పు నాదే.

కంపెనీ మాన్యువల్ చెప్పిన 20డబ్ల్యూ-50 చిక్కదనం ఉన్న ఆయిల్ పోశాను. డబ్బా మీద జేఏఎస్‌ఓ ఎంఏ2 (ఆయిల్‌లో మునిగే క్లచ్ ఉన్న బైకులకు తగినదని చెప్పే జపాన్ ప్రమాణం) అని ఉందో లేదో చూసుకున్నాను. కారు ఆయిల్ చవకగా దొరికినా వద్దు. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారు ఆయిళ్లలో జారుడు పెంచే రసాయనాలు ఉంటే క్లచ్ జారుతుంది, జారితే మళ్లీ వేడి.

గేర్లు వెన్నలా పడుతున్నాయి. ప్లగ్ దగ్గర 175.

మే 5, ఆదివారం

ట్యాపెట్లు. రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద ఫీలర్ గేజ్‌తో (సన్నని సందులు కొలిచే రేకులు) చూశాను. మాన్యువల్ ప్రకారం ట్యాపెట్‌కూ వాల్వుకూ మధ్య సందు ఇంటేక్ (మిశ్రమం లోపలికి వచ్చే) వాల్వుకు 0.05, ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే) వాల్వుకు 0.10 మిల్లీమీటర్లు ఉండాలి. ఎగ్జాస్ట్‌లో 0.05 గేజే బిగుతుగా దూరింది. సందు తక్కువైతే చప్పుడు తగ్గుతుంది కాబట్టి చాలామందికి అదే బాగుందనిపిస్తుంది. కానీ ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని ఎక్కువగా వదిలేది తన సీటు (అది మూసుకుని కూర్చునే గూడు) మీద ఆనుకున్న సమయంలోనే. సందు చాలకపోతే ఆ సమయం తగ్గుతుంది. మరీ బిగిస్తే వేడికి వాల్వు సాగి పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ (పిస్టన్ లోపలి మిశ్రమాన్ని నొక్కితే వచ్చే ఒత్తిడి) పోతుంది. సైబర్ టవర్స్ దగ్గర కిక్ తేలిపోయింది ఇందుకే అయ్యుంటుంది.

సరిచేశాను. ప్లగ్ కూడా తీసి చూశాను. మొన మీద లేత గోధుమ రంగు ఉండాలి. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఇది రాసి పెట్టుకుంటున్నాను.

(తర్వాత చేర్చింది) సోమ, బుధవారాల కొలతలు 173, 174. నెల రోజుల పనికి పది పన్నెండు డిగ్రీలు. టెన్షన్‌గా ఉంది.

మే 12, ఆదివారం

ఇవాళ చేసిన పరీక్ష మొదట్లోనే చేయాల్సింది.

పక్క ఫ్లాట్ తమ్ముడి దగ్గర ఇదే మోడల్, ఒక ఏడాది తర్వాతది ఉంది. అడిగితే వెంటనే తాళం ఇచ్చాడు. రెండు బళ్లనూ అపార్ట్‌మెంట్ గేటు బయట వేపచెట్టు కింద పక్కపక్కన పెట్టాం. సెల్లార్‌లో మాత్రం చేయకూడదు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మూసిన చోట మనిషిని చంపుతుంది. వాడి బండికీ నల్ల మచ్చ పూశాను. ఇంట్లోంచి వైరు లాగి రెండింటి ముందు ఒకే దూరంలో టేబుల్ ఫ్యాన్లు పెట్టాను. రేస్ పెట్టకుండా పదిహేను నిమిషాలు నడిపాం.

వాడిది 118. నాది 146.

గాలి ఇద్దరికీ ఒకటే, ఎండ ఒకటే, ట్రాఫిక్ లేనే లేదు. అయినా ఇరవై ఎనిమిది డిగ్రీల తేడా! అంటే నా బండి వేడిని పోగొట్టుకోలేకపోవడం ఒక్కటే కాదు, నిలబడి ఉన్నప్పుడు పుట్టించడమే ఎక్కువ పుట్టిస్తోంది. ఇంకోటి కూడా గమనించాను. వాడి బండి రేస్ ఇచ్చి వదిలితే వెంటనే కిందికి దిగుతుంది. నాది రెండు మూడు సెకన్లు పైనే వేలాడి, తర్వాత దిగుతోంది. సైలెన్సర్‌లో అప్పుడప్పుడూ చిటపట.

తెల్లటి ప్లగ్, వేలాడే రేస్, చిటపట. మూడూ ఒకటే చెబుతున్నాయి: పెట్రోలుకు తగ్గదానికన్నా గాలి ఎక్కువ వెళ్తోంది.

మే 18, శనివారం

బాచుపల్లి రోడ్డులో నాకు తెలిసిన మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. ముప్పై ఏళ్లుగా ఇదే పని ఆయనది. నా అంకెలన్నీ ఓపిగ్గా విన్నారు. బండి స్టార్ట్ చేసి రెండుసార్లు రేస్ ఇచ్చి చెవి పెట్టారు.

"రేస్ ఇడిచినంక వెంటనే కిందికొస్తలేదు, చూసిన్రా సార్? గాలి గుంజుతున్నది."

ఇస్త్రీ చేసేవాళ్లు వాడే నీళ్ల స్ప్రే సీసా తీసి కార్బురేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉన్న నల్ల రబ్బరు గొట్టం కింద రెండుసార్లు కొట్టారు. ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోయినంత పని చేసింది. మళ్లీ పైన కొట్టారు, ఏమీ కాలేదు. కింద కొట్టారు, మళ్లీ అదే.

"పగిలింది ఇంజిన్ దిక్కున్నది. పైకెళ్లి చూస్తే కనబడది."

కొందరు ఈ పరీక్షకు పెట్రోలు చల్లుతారు. వేడి ఇంజిన్ మీద పెట్రోలు ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. నీళ్లతోనే తేలిపోయింది, అదీ చల్లగా ఉన్నప్పుడే, రబ్బరు మీదే.

విప్పి చేతిలో పెట్టారు. పైనుంచి చూస్తే బాగానే ఉంది. వంచితే కింది మడతలో గోరు దూరేంత చీలిక, అరంగుళం పొడవు. పదేళ్ల వేడికి రబ్బరు ఎండి బెరడు కట్టింది.

ఇది నా లక్షణాలన్నిటికీ ఎలా సరిపోయిందో రాయాలి, ఎందుకంటే నెలన్నరగా నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఇదే. యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడు పిస్టన్ పీల్చే పీల్పంతా ఆ రబ్బరు గొట్టంలోనే ఉంటుంది. దారి మూసేసిన స్ట్రా పీల్చితే నొక్కుకుపోతుందే, అలా. ఆ పీల్పుకు చీలిక గుండా దొంగ గాలి వస్తుంది. ఆ గాలి కార్బురేటర్ గుండా రాలేదు కాబట్టి దానికి తగ్గ పెట్రోలు కలవదు. మిశ్రమం పలచబడుతుంది. సరైన మిశ్రమంలో కాస్త ఎక్కువుండే పెట్రోలు ఆవిరవుతూ లోపలి వేడిని కొంత తీసుకుపోతుంది. పలచటి మిశ్రమం ఆ చలవ ఇవ్వదు, పైగా నిదానంగా కాలుతూ ఎగ్జాస్ట్ వాల్వు దాకా మంటను లాక్కెళ్తుంది. అదే యాక్సిలరేటర్ తెరిచి యాభైలో వెళ్తుంటే గొట్టంలో పీల్పు తగ్గుతుంది, అసలు దారిలో వచ్చే గాలి ముందు దొంగ గాలి వాటా లెక్కలోకి రాదు. అందుకే నార్సింగి రోడ్డులో 128!

ట్రాఫిక్‌లో రెక్కలకు గాలి అందని సమయమూ, చీలిక ఎక్కువ గాలి పీల్చే సమయమూ ఒకటే. రెండు దెబ్బలూ ఒకేసారి పడుతున్నాయి. నేనేమో ఒక్క ట్రాఫిక్‌నే చూశాను.

మే 19, ఆదివారం

రబ్బరు దగ్గర్లో దొరకలేదు. నిన్న మధ్యాహ్నమే రాణిగంజ్ వెళ్లి నాలుగు దుకాణాలు తిరిగి కంపెనీ ముక్కే తెచ్చాను, దాని ఓరింగ్ (గాలి దూరకుండా వేసే రబ్బరు రింగు), రెండు కొత్త క్లిప్పులతో సహా. ఇవాళ భాయ్ బిగించారు. మిశ్రమం స్క్రూను పెట్రోలు పెరిగే వైపు పావు చుట్టు తిప్పారు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత కార్బురేటర్లలో మిశ్రమం కొంచెం పలచనవుతుంది, ఆ పావు చుట్టు అందుకు.

రేస్ ఇచ్చి వదిలితే రాయి వదిలినట్టు కిందికి దిగింది. ఫ్యాన్ పరీక్ష మళ్లీ చేశాను. 121.

మే 24, శుక్రవారం

దారిలో కొలతలు: 156, 153, 157, 154. నల్ల మచ్చ మీద ఈ అంకెలు చూసి ఫుట్‌పాత్ మీదే కూర్చుండిపోయాను. న్యూట్రల్ ప్రతి సిగ్నల్ దగ్గరా పడుతోంది.

ఒకటి మిగిలింది. క్లచ్ కవర్ ఇంకా 108 చూపిస్తోంది. అది నా ఎడమ చేతి పని. జామ్‌లో రెండో గేరులో ఉండి హాఫ్ క్లచ్‌తో పాకడం నాకు అలవాటు. ప్లేట్లు రాసుకున్నంతసేపూ ఆ వేడి ఆయిల్‌లోకే దిగుతుంది. క్లచ్ లివర్ దగ్గర ఆట (ఉండాల్సిన వదులు) కూడా లేదు, రెండు మూడు మిల్లీమీటర్ల వదులు పెట్టాను. ఇక మొదటి గేరులోనే, ముందు బండికి కొంచెం దూరం వదిలి, క్లచ్ పూర్తిగా వదిలి కదిలి, మళ్లీ పూర్తిగా పట్టి ఆగడం. ఆ ఖాళీలో ఆటోలు దూరుతాయి, దూరనీ. (తర్వాత చేర్చింది) మూడు రోజులకు కవర్ 99కి వచ్చింది.

మే 26, ఆదివారం

సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపాలా వద్దా? ఆపితే ఇంకా వేడెక్కుతుందని ఆఫీసులో ఒకరు గట్టిగా వాదించారు. కొలిచాను. 160 దగ్గర ఆపితే మొదటి నిమిషంలో నల్ల మచ్చ 163కి పెరిగింది. లోపలి వేడి బయటికి పాకడం వల్ల. ఆయన చెప్పింది అంతవరకు నిజమే. కానీ రెండో నిమిషానికి 159, అయిదో నిమిషానికి 146. ఆపకుండా వదిలేస్తే నిమిషానికి సుమారు రెండు డిగ్రీల చొప్పున ఎక్కుతూనే ఉంది. కాబట్టి సిగ్నల్ గడియారం నిమిషానికి మించి చూపిస్తే ఆపుతాను, కిక్‌తో స్టార్ట్ చేస్తాను. ముప్పై సెకన్లకు ఆపను.

మే 30, గురువారం

రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ అంటారుగా, ఫోన్‌లో 41 చూపిస్తోంది. కావాలనే నాలుగున్నరకు బయల్దేరాను. మైండ్‌స్పేస్ నుంచి సైబర్ టవర్స్‌కు ముప్పై ఒక్క నిమిషాలు పట్టింది. ప్లగ్ దగ్గర 163, క్లచ్ కవర్ 103. గులకరాళ్ల చప్పుడు లేదు. చెరుకు రసం ఆయన దగ్గర ఆగి ఒక గ్లాసు తాగాను, ఇంజిన్ నడుస్తుండగానే. గుర్తుపట్టి, "బాగైందా సార్?" అన్నాడు.

జూన్ 9, ఆదివారం

మృగశిర వచ్చింది, వానలు మొదలయ్యాయి. ప్లగ్ తీసి చూశాను. మొన లేత గోధుమ రంగుకు తిరిగింది. మైలేజీ 41 నుంచి 47కి పెరిగింది. నాన్నకు ఫోటో పంపితే, నల్గొండ తీసుకురా ఒకసారి నడుపుతాను అన్నారు.

సీటు కింద చీటీ అంటించాను: రబ్బరు మే 19, 68,940. తర్వాతి ఆయిల్ 70,500. ట్యాపెట్లు దాంతోపాటే.